పై లైను, కింద లైను

హయాత్‌తో మాట్లాడాలంటే వెలుతురు ఉండాలి. ఆ సంగతి నాకు అర్థం కావడానికి మూడు నెలలు పట్టింది.

తెలుగు మాస్టారుగా రిటైరయ్యాక ఇంట్లో ఊరికే కూర్చోలేక, గుంటూరు బ్రాడీపేటలో జక్రయ్య గారి ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పనికి కుదిరాను. హయాత్ అక్కడ కంపోజిటరు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి, వరుసగా పేర్చి పేజీ కట్టడం అతని పని. పుట్టుకతోనే వినికిడి బాగా తక్కువ. ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాట పట్టేసేవాడు. ఎంత బాగా పట్టేసేవాడంటే, కొత్తగా వచ్చినవాళ్ళకు అతనికి వినపడదని తెలిసేదే కాదు. మాట కాస్త ముద్దగా, గొంతు అవసరానికి మించి పెద్దగా ఉందని మాత్రం అనుకునేవారు. సాయంత్రం పూట కరెంటు పోయిందంటే మా మాట సగంలో తెగిపోయేది. నేను మరిచిపోయి ఇంకా చెబుతూనే ఉండేవాణ్ణి. అతను ఆ చీకట్లో నా వైపే ముఖం పెట్టుకుని, మర్యాదగా, వింటున్నవాడిలాగే నిలబడేవాడు. కరెంటు వచ్చాక అనేవాడు: "మళ్ళీ చెప్పండి మాస్టారూ, మొదట్నించీ."

వాళ్ళది పర్చూరు దగ్గర పల్లె. తండ్రి అలీ సాహెబ్ ఊళ్ళు తిరుగుతూ పరుపులకు దూది ఏకేవాడు. ఏకే వింటి నారి పక్కన కూర్చుంటే దాని మోత కడుపులోకి తెలిసేదనీ, చిన్నప్పుడు తాను బాగా విన్నది అదొక్కటేననీ హయాత్ చెప్పేవాడు. వినపడని పిల్లవాడికి ఊళ్ళు తిరిగే పని కంటే ఒకచోట కూర్చునే పని మేలని, పన్నెండో ఏట జక్రయ్య గారి తండ్రి దగ్గర చేర్చారు. ఇంగ్లీషు బళ్ళో నేర్చుకోలేదు. కోచింగ్ సెంటర్ల ప్రశ్నపత్రాలు, పత్తి విత్తనాల కరపత్రాలు, డాక్టర్ల చీటీలు కంపోజు చేస్తూ, తలకిందులుగా పేర్చిన అక్షరాల్లోనే నేర్చుకున్నాడు. నెమ్మదిగా చదివేవాడు. కానీ చదివినదాన్ని వదిలేవాడు కాదు.

ఆ ప్రెస్సులో ఒక పద్ధతి ఉండేది. పేజీ పేర్చడం అయ్యాక కంపోజిటరు దాన్ని పురికొసతో బిగించి కట్టి, పై లైను, కింద లైను చూసుకునేవాడు. ఆ రెండూ సరిగ్గా ఉంటే మధ్యది ఊడలేదన్నమాట. తరవాత దాన్ని పలక మీదికి జరిపి అరలో పెట్టేసేవాడు. చదవడం అప్పుడు కాదు. తీరిగ్గా నేను కూర్చుని చదివి, దిద్ది, సంతకం పెట్టి, అచ్చయిపోయాక గానీ ఆ పేజీని విప్పి అక్షరాల్ని మళ్ళీ గళ్ళలో పోసేవారు కాదు. నా సంతకం లేకుండా జక్రయ్య గారైనా సరే ఒక్క పేజీ విప్పడానికి లేదు. కట్టిన పేజీ వారమైనా, నెలైనా అరలో అలాగే ఉండేది. నాకు ముందు దిద్దినవాళ్ళ కాలం నుంచీ, హయాత్ ముప్పయ్యేళ్ళు ఈ పద్ధతిలోనే బతికాడు.

తొంభై ఎనిమిదిలో జక్రయ్య గారు, మూతపడ్డ ఒక కోచింగ్ సెంటరు నుంచి పాత కంప్యూటరు కొని తెచ్చారు. విండోస్ తొంభై ఐదు ఉండేది అందులో. సీసం పెట్టెలు బయటికి పోయాయి. మిగతా ఇద్దరు కంపోజిటర్లు వేరే పనులు చూసుకున్నారు. హయాత్ మాత్రం నలభై ఒకటో ఏట ఆ కీబోర్డు ముందు కూర్చున్నాడు. రెండు నెలల్లో తెలుగులో టైపు కొట్టి పేజీలు కట్టడం మొదలుపెట్టాడు. తెరకు మరీ దగ్గరగా కూర్చునేవాడు. అలవాటేమో అనుకున్నాను.

అలవాటు కాదు. అప్పటికే అతని కళ్ళు తగ్గుతున్నాయి.

మొదట సందె వేళ దారిలో సైకిళ్ళకు తగలడం. తరవాత పగలే, పక్కన పెట్టిన టీ గ్లాసును మోచేత్తో తోసెయ్యడం. ఒకసారి కోచింగ్ సెంటరు కుర్రది శ్రీదివ్య కాగితాలు పట్టుకుని అతని కుడి పక్కనే పది నిమిషాలు నిలబడింది. అతను చూడలేదు. ఆ అమ్మాయి నాతో "ఆయనకి మా మీద కోపమా అండీ?" అంది. ఎదురుగా ఉన్నది స్పష్టంగా కనపడేది, పక్కలు మాత్రం మాయమవుతున్నాయి. గొట్టంలోంచి చూస్తున్నట్టుందని అతనే చెప్పాడు.

గుంటూరులో ఇద్దరు డాక్టర్లకు చూపించుకున్నాడు. ఒకాయన రేచీకటన్నాడు. ఒకాయన నరాల బలహీనతన్నాడు. భార్య మస్తాన్‌బీ మిరప కోల్డ్ స్టోరేజీలో కాయల తొడిమలు తీసే పనికి వెళ్ళేది. చేతులు మండుతూ ఇంటికొచ్చి కూడా మునగాకు దూసి వండి పెట్టేది. ప్రెస్సుకు అతని క్యారేజీ తెచ్చినప్పుడు నాతో పోట్లాడేది.

"ఆ పెట్టి ముందు కూకోబెట్టి మా ఆయన కళ్ళు తీసేత్తన్నారు మాస్టారూ మీరు!"

"నేనేం చేశానమ్మా?"

"మీరు దిద్దతారు, ఆయన మళ్ళీ కొడతాడు, మీరు మళ్ళీ దిద్దతారు. ఒక్కసారే సరిగ్గా దిద్దకూడదూ?"

హయాత్ ఆమె పెదవులు చూసి నవ్వేవాడు. ఆమె వెళ్ళాక ఒకరోజు నవ్వకుండా అడిగాడు: "చెవులు లేకపోతే కళ్ళతో ఇన్నాను మాస్టారూ. ఈ కళ్ళు కూడా పోతే దేంతో ఇనాలి?"

పుస్తకాలు చదవడం తప్ప నాకు తెలిసింది లేదు. నేను చదివిన పుస్తకాల్లో ఇది లేదు.

తొంభై తొమ్మిది వేసవిలో అతనొక ఇంగ్లీషు కంప్యూటర్ పత్రిక కొన్నాడు. దాంతోపాటు ఒక సీడీ ఇచ్చారు. పత్రికలో ఒక వ్యాసం ఉంది. ఇంటర్నెట్‌లో న్యూస్‌గ్రూపులని ఉంటాయనీ, ఒక్కో విషయానికి ఒక్కో నోటీసు బోర్డు లాంటిదనీ, ఎవరైనా అక్కడ ఉత్తరం అంటించవచ్చనీ, ప్రపంచంలో ఎక్కడివాళ్ళైనా చదివి కింద జవాబు అంటిస్తారనీ అందులో రాశారు. కుక్కల్ని పెంచేవాళ్ళకొకటి, తపాలా బిళ్ళలు పోగుచేసేవాళ్ళకొకటి, వినపడనివాళ్ళకొకటి, చూపు తగ్గేవాళ్ళకొకటి. ఆ చివరి రెండు పేర్ల కింద హయాత్ గీత గీసుకున్నాడు. ఆ బోర్డుల్ని చదవడానికి కావలసిన ప్రోగ్రాం సీడీలో ఉందట.

"ప్రపంచంలో నాలాంటోడు ఇంకోడుంటాడు గదా మాస్టారూ," అన్నాడు. "వాడి కళ్ళు ఆగినయ్యా, లేదా? ఆగితే ఏం చేస్తే ఆగినయ్? ఇదొక్కటి అడగాలి."

అడగాల్సింది ఒక్క మాట. దాన్ని అడగడానికి మాకు ఇరవై రోజులు పట్టింది.

జక్రయ్య గారు మధ్యాహ్నం ఒంటిగంటకు మేడ మీద తమ ఇంటికి వెళ్ళి, భోంచేసి, కునుకు తీసి రెండింటికి దిగేవారు. ఆ గంటే మాది. సీడీ పెడితే ప్రోగ్రాం దానంతటదే ఎక్కింది. ఎక్కాక ప్రశ్నలు మొదలుపెట్టింది. పేరు ఏమిటంది. రాశాడు. ఈమెయిలు ఏమిటంది. జక్రయ్య గారు ప్రెస్సుకు ఇంటర్నెట్ పెట్టించినప్పుడు ఇచ్చినది రాశాడు. ఏ సంస్థ అంది. హయాత్ కాసేపు ఆలోచించి, 'ప్రెస్సు కంపోజిటరు, ముప్పై ఏళ్ళు' అని ఇంగ్లీషులో కొట్టాడు. తరవాత న్యూస్ సర్వరు పేరు అడిగింది. అక్కడ ఆగిపోయాం.

"న్యూసంటే పేపరు గదా. ఏదో ఒక పేపరు పేరు రాయి," అన్నాను నేను.

రాశాడు. అలాంటిదేదీ లేదంది. ఇంకో పేపరు రాశాడు. అదీ లేదంది.

మర్నాడు ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చిన ఆఫీసుకు ఇద్దరం వెళ్ళాం. కౌంటరు వెనకాల ఒకాయన పల్లీలు తింటున్నాడు.

"న్యూస్ సర్వరు పేరు కావాలండి," అన్నాను.

"న్యూస్ దేనికండీ, పొద్దున్నే పేపరేస్తాడుగా మీకు?"

"అది కాదండి, కంప్యూటర్లో..."

"కంప్యూటర్లో పేపరు చదివితే కళ్ళు పోతాయండి."

హయాత్ ఆయన పెదవుల్నే చూస్తున్నాడు. లోపల గదిలోంచి ఒక అమ్మాయి వచ్చి, ఒక ఫైలు తిరగేసి, సర్వరు పేరు, అంటే ఆ ఉత్తరాలు నిలవుండే వాళ్ళ పెద్ద కంప్యూటరు పేరు, కాగితం మీద రాసిచ్చింది. "ఇది అడిగినవాళ్ళు మీరేనండి, నేను చేరాక," అంది.

పేరు ఎక్కించాం. ఇక ఫోను. ఫోను లైనును కంప్యూటరుకు కలిపే మోడెం దాని లోపలే ఉండేది. డయల్ చేసినప్పుడు దాని చప్పుడు చిన్న స్పీకర్లోంచి వచ్చేది. మాటిమాటికీ 'ఈ మార్గంలోని లైన్లన్నీ బిజీగా ఉన్నాయి' అని ఆడగొంతు రికార్డు వినపడేది. తెర మీద మాత్రం ఇంకా డయల్ చేస్తున్నట్టే నిమిషం పాటు చూపించేది. హయాత్‌కు తెలిసే దారి లేదు. అందుకని నేను పక్కన కూర్చుని చెవి పెట్టేవాణ్ణి. ఆ ఆడగొంతు వస్తే పిడికిలి చూపించేవాణ్ణి, అతను కట్ చేసి మళ్ళీ డయల్ చేసేవాడు. లైను కలిసినట్టు కీచుమనే చప్పుడు మొదలైతే అరచెయ్యి విప్పేవాణ్ణి. "ఎట్లా ఉంటది ఆ చప్పుడు?" అని అడిగాడొకసారి. ఎలా చెప్పను? రాతి మీద బిందె ఈడ్చినట్టుంటుందన్నాను. తల ఊపాడు. అతనికి బిందె తెలుసు, రాయి తెలుసు.

కనెక్టయితే, ముందుగా ప్రపంచంలో ఉన్న గ్రూపుల పేర్లన్నీ దింపుకోవాలంది ప్రోగ్రాం. ఇరవై వేల పైచిలుకు. అవి ఒక్కొక్కటే దిగుతూ అంకె పెరుగుతూ ఉండేది. ఆరు వేలు. ఎనిమిది వేలు. తొమ్మిది వేల దగ్గర తెగిపోయేది. ఎందుకంటే మేడ మీద ఇదే లైనుకు ఇంకో ఫోనుంది. జక్రయ్య గారి భార్య సుగుణమ్మ గారు దర్శిలో ఉన్న అక్కయ్యతో మాట్లాడేది ఆ వేళకే.

"ఏవండోయ్! ఫోన్లో పిల్లి పీక పిసుకుతున్నారెవరో!" అని మేడ మీంచి కేక వినపడేది. మళ్ళీ ఒకటి నుంచి మొదలు.

నాలుగో రోజు నేను మెట్లెక్కి వెళ్ళి బతిమాలాను.

"ఒంటిగంట నుంచి రెండింటి దాకా ఎత్తకండమ్మా."

"మా అక్క కోడలు నిద్రపోయేది అప్పుడేనండీ మాస్టారూ. అది లేచుంటే మేమేం మాట్టాడుకుంటాం?"

సంగతి చెప్పాను. ఆమె నవ్వు ఆగిపోయింది. "హయాతుకా? కళ్ళకా?" అంది. లోపలికి వెళ్ళి కుట్టుమిషను గుడ్డ తెచ్చి ఫోను మీద కప్పింది. ఆ గుడ్డ పదిహేను రోజులు తియ్యలేదు.

గ్రూపులు దిగాయి. మాకు కావలసింది దొరికింది. హయాత్ ఉత్తరం రాయడానికి మూడు మధ్యాహ్నాలు తీసుకున్నాడు. పుట్టుకతో వినికిడి తక్కువ, ఇరవై ఏళ్ళప్పటి నుంచి చీకట్లో కనపడదు, ఇప్పుడు పక్కలు కనపడవు, వయసు నలభై రెండు, కంపోజిటరుని, ఒక కూతురుంది. చివర రెండు ప్రశ్నలు: ఇది ఆగుతుందా? ఆగినవాళ్ళు మీలో ఎవరైనా ఉన్నారా? నేను ఇంగ్లీషు దిద్దాను. దిద్దడానికి పెద్దగా ఏమీ లేదు. పంపించాడు.

మూడో రోజు అయిదు జవాబులు వచ్చాయి.

ఆ మధ్యాహ్నం లైను దొరికేసరికే ఒంటిగంటా ఇరవై అయింది. ముందు శీర్షికలే దిగాయి. లోపలి ఉత్తరాలు దింపుకోవడానికి ఇంకో పావుగంట. మొదటిది ఎవరో నర్సమ్మ రాసింది. హయాత్ దాన్ని పూర్తిగా చదివాడు. ఈ రెండూ కలిసే వచ్చే జబ్బొకటి ఉందనీ, దానికొక పేరుందనీ, తనకు తెలిసినవాళ్ళలోనే పదకొండు మందికి ఉందనీ ఆమె రాసింది. హయాత్ ముఖం అంత వెలగడం నేనెప్పుడూ చూడలేదు.

"నాది రెండు జబ్బులు కాదు మాస్టారూ, ఒకటే!" అని అరిచాడు.

అప్పుడే మెట్ల మీద జక్రయ్య గారి చెప్పుల చప్పుడు. ఆ రోజు ఆయన ముందే దిగారు.

"ఒరేయ్ హయాతూ! ఫిజిక్సు పేపరు రేపు పొద్దున్న పరీక్షరా! పన్నెండు వందల కాపీలు! ఆ అమెరికావాళ్ళతో కబుర్లు తరవాత చెప్పుకోవచ్చు, మూసెయ్యి ముందు."

ఆయన చెడ్డవాడు కాదు. ఆ కంప్యూటరే చాలనిది. న్యూస్ ప్రోగ్రామూ టైపు ప్రోగ్రామూ కలిపి తెరిస్తే తెర గడ్డకట్టిపోయేది. ఒకటి మూస్తే గానీ ఇంకోటి కదిలేది కాదు.

నేను భుజం తడితే హయాత్ తిరిగి ఆయన పెదవులు చూసి తలూపి, మూసే ముందు తన పద్ధతి ప్రకారం మిగతా నాలుగు ఉత్తరాలూ ఒక్కొక్కటే తెరిచి, పై లైను, కింద లైను చూసుకున్నాడు. అన్నీ పూర్తిగా దిగాయా, ఎక్కడైనా ఊడిందా అని అతని చూపు. నేనూ భుజం మీంచి చూశాను. నాలుగోది మూడు తెరల పొడవుంది. దాని పై లైను ఇది: 'మీరు రాసినదంతా మా తమ్ముడి సంగతే, వాడికి ఇప్పుడు ఆగింది.' కింద లైను ఇది: 'కాబట్టి ఆ ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చెయ్యకండి.'

హయాత్ నా ముఖం చూశాడు. చదవనా అన్నట్టు. జక్రయ్య గారు కుర్చీ వెనకే నిలబడి ఉన్నారు, చేతిలో ఫిజిక్సు పేపరు రాతప్రతి.

"రేపు నిదానంగా చదువుదాంలే," అన్నాను నేను. "డిక్షనరీ తెస్తాను. ఎక్కడికి పోతాయి?"

మూసేశాడు.

మర్నాడు తెరిస్తే ఏమీ లేవు. గ్రూపు పేరుంది. దాని కింద తెల్లగా ఉంది. అయిదింటిలో ఒక్కటీ మిగల్లేదు. హయాత్ పైకీ కిందికీ జరిపి చూశాడు. కంప్యూటరు ఆపి మళ్ళీ పెట్టాడు. తరవాత నా వైపు తిరిగి, కోపంగా కాదు, నిజంగా తెలియక అడిగాడు: "మీ సంతకం లేకుండా ఎవరు విప్పారు మాస్టారూ?"

ఎవరూ విప్పలేదు. సాయంత్రం దాకా ఆ ప్రోగ్రాంలో మెనూలన్నీ వెతికితే ఒకచోట కనిపించింది. ఒక్కసారి తెరిచిన ఉత్తరాన్ని చదివేసినట్టే లెక్కేసి, మూసేటప్పుడు తుడిచెయ్యమని ముందే గుర్తు పెట్టి ఉంది. తయారుచేసినవాళ్ళు పెట్టిందే. మేం తియ్యలేదు, అంతే. తెరవకుండా వదిలేసి ఉంటే నాలుగూ అలాగే ఉండేవి. పై లైనూ కింద లైనూ చూసినందుకు పోయాయి.

మళ్ళీ కనెక్ట్ చేస్తే కొత్తవి రెండొచ్చాయి, అవి వేరేవాళ్ళవి. తాను ఒకసారి దింపినవాటిని ఆ ప్రోగ్రాం మళ్ళీ దింపదు. దింపించే దారి ఒకటి ఉందని పత్రికలో ఇంకో పేజీ చూశాక తెలిసింది. అది తెలిసిన సాయంత్రమే పెద్ద వాన. వీధిలో కేబుల్లోకి నీళ్ళు దిగి ఫోను చచ్చిపోయింది.

లైన్‌మన్ కోసం రోజూ ఎక్స్ఛేంజికి వెళ్ళాను. "మీ ఒక్కరిదే కాదండి, బ్రాడీపేట నాలుగు లైన్లూ పోయినయ్," అనేవాళ్ళు. అరండల్‌పేటలో కొత్తగా పెట్టిన నెట్ సెంటరుకు వెళ్ళాం. వాళ్ళకు ఇలాంటిదొకటి ఉందనే తెలియదు. "చాటింగా అండీ?" అన్నారు. తొమ్మిదో రోజున ఫోను మోగింది. అన్నీ మళ్ళీ దింపమన్నాం. దిగాయి, వారం రోజులవి. అంతకు ముందువి లేవు. ఇంటర్నెట్ ఆఫీసుకు వెళ్ళి అడిగితే, సర్వరు ఇరుకండీ, వారం దాటినవి ఊడ్చేస్తాం అన్నారు.

హయాత్ ఇంకో ఉత్తరం రాశాడు. తమ్ముడి సంగతి రాసినవారు దయచేసి మళ్ళీ పంపండి, నా పొరపాటు వల్ల పోయింది. ఆయన నుంచి జవాబు లేదు. ఆయన ఎప్పుడో ఒకసారి వచ్చి పోతాడనీ, తన ఉత్తరాలు ఎక్కడా భద్రపరచవద్దని గుర్తు పెట్టి మరీ రాస్తాడనీ వేరేవాళ్ళు చెప్పారు. ఆయన చెప్పింది ఇదై ఉంటుందంటూ ముగ్గురు మూడు రకాలుగా రాశారు. విటమిన్ గుళికల గురించని ఒకరు. ఎండలోకి నల్లద్దాలు లేకుండా వెళ్ళొద్దన్నదని ఒకరు. చూపుండగానే వేళ్ళతో చదివే చుక్కల లిపి నేర్చుకొమ్మన్నదని ఒకరు. ముగ్గురిలో ఎవరికీ ఖచ్చితంగా గుర్తులేదు.

హయాత్ ఏదీ వదల్లేదు. ఏ విషయంలో ఆలస్యం చెయ్యకూడదో తెలియదు కాబట్టి అన్నింటిలోనూ తొందరపడ్డాడు. విటమిన్ కోసం చేపనూనె గుళికలు మింగాడు, కడుపు చెడింది. గుంటూరు ఎండలో నల్లద్దాలు పెట్టుకుని నడిచాడు.

"ఏరా, హీరోవయ్యావే!" అని మిషను తొక్కే యలమందయ్య వెనకనుంచి అరిచేవాడు. అతను వెనకనుంచి అరిచాడని హయాత్‌కు తెలిసేది కాదు.

చుక్కల లిపి కోసం ఒక పాఠశాలకు వెళ్ళాడు. అక్కడి మాస్టారు చూపు లేనివాడు. హయాత్ మాట ఆయనకు అర్థం కాలేదు. ఆయన చెప్పేది వినడానికి హయాత్ పెదవులు చూడాలి. ఆయనేమో కిటికీ వైపు తిరిగి మాట్లాడేవాడు. ఇద్దరూ మంచివాళ్ళే. నెల రోజులు ప్రయత్నించి మానుకున్నారు.

మానని పని ఒక్కటే. రోజూ ఒంటిగంటకు కూర్చునేవాడు, నేను చెవి పెట్టేవాణ్ణి, పిడికిలో అరచెయ్యో చూపించేవాణ్ణి. ఇప్పుడు దేన్నీ తుడవొద్దని గుర్తు మార్చి ఉంది. కొత్త ఉత్తరం ఏది వచ్చినా మొదటి నుంచి చివరి దాకా కదలకుండా చదివేవాడు. నా చెయ్యి కనపడాలంటే తెర పక్కన కాకుండా తెర ముందుకే తేవలసి వచ్చేది, ఏడాది ఏడాదికీ ఇంకొంచెం దగ్గరగా. రెండువేల రెండులో ఒక మధ్యాహ్నం, సర్వరు దొరకలేదని వచ్చింది. మర్నాడూ అంతే. ఆ సేవ ఎత్తేశారట. ఎత్తేస్తున్నట్టు మాకెవరూ చెప్పలేదు. అడిగేది మేమొక్కళ్ళమేనేమో.

ఆ తరవాత అతను ప్రెస్సులో ఎక్కువకాలం ఉండలేకపోయాడు. జక్రయ్య గారు కొన్నాళ్ళు కాగితాలు మడిచే పని ఇచ్చారు, తరవాత అది కూడా మిషనుకే పోయింది. ఇప్పుడు పర్చూరులో కూతురు అర్ఫా దగ్గర ఉంటున్నాడు. చూపు పూర్తిగా పోయి చాలా ఏళ్ళయింది. అరచేతిలో వేలితో అక్షరాలు రాస్తే గ్రహిస్తాడు, సీసం అక్షరాల్లో పెరిగినవాడు కాబట్టి ఒత్తు కూడా పొల్లుపోనివ్వడు. ఏడాదికోసారి వెళ్ళి కాసేపు రాసి వస్తాను. నాకూ ఎనభై దాటాయి.

కానీ ఇది రాయడానికి కూర్చుంటే ఆ ఆసుపత్రి రోజే ముందుకొస్తోంది. రెండువేల నాలుగు. ఎవరో చెబితే ఊరవతల ఒక పెద్ద కంటాసుపత్రికి తీసుకెళ్ళాను. మస్తాన్‌బీ కూడా వచ్చింది. కళ్ళలో చుక్కలు వేసి చీకటి గదిలో రెండు గంటలు పరీక్షలు చేశారు. ఆ చీకట్లో అతనికి ఎవరి పెదవులూ కనపడవు. డాక్టరమ్మ చిన్నది, ఓపికగా ఉంది. ఏమీ చెయ్యలేమని, ఇది నెమ్మదిగా మొత్తం పోతుందని చెప్పింది.

"అయిదేళ్ళ ముందొచ్చుంటే అమ్మా?" అని అడిగాను.

"అప్పుడొచ్చినా ఇంతేనండి. దీనికి అప్పుడూ మందు లేదు."

"ఒకాయన తమ్ముడికి ఆగిందని రాశాడమ్మా."

"కొంతమందికి కొన్నేళ్ళు దానంతటదే ఆగుతుందండి. మళ్ళీ మొదలవుతుంది."

"ఒక విషయంలో ఆలస్యం చెయ్యొద్దని కూడా రాశాడు."

"ఏ విషయంలో?"

"అదే తెలియదమ్మా."

ఆమె తరవాతి రోగిని పిలవడానికి గంట నొక్కింది.

బయట వరండాలో కూర్చోబెట్టాం. చుక్కల మందుకు అంతా మంచులా ఉందన్నాడు. అతనే తన అరచెయ్యి చాపి, రాయమన్నట్టు నా ముందు పెట్టాడు. అలా రాయడం అదే మొదలు. 'ముందొచ్చినా ఇంతే' అని రాశాను. ఒక్కో అక్షరాన్నీ పైకి పలికాడు.

"అయితే నా పొరపాటు కాదు," అన్నాడు. వరండాలో వాళ్ళంతా తిరిగి చూసేటంత గట్టిగా.

'కాదు' అని రాశాను.

"మీదీ కాదు మాస్టారూ. రేపు చదువుదామన్నారని ఇన్నాళ్ళూ కుములుతున్నారు మీరు."

అది అతనికి తెలుసని నాకు తెలియదు.

మళ్ళీ అతనే అడిగాడు: "మరి ఆయన దేనికి ఆలస్యం చెయ్యొద్దన్నట్టు?"

అరచెయ్యి అలాగే చాపి ఉంచాడు. నేను వేలు ఆనించాను. ఏ అక్షరంతో మొదలుపెట్టాలో తెలియక అలాగే ఉంచాను. మస్తాన్‌బీ సంచిలోంచి గిన్నె తీసి, మూత విప్పి, నా వేలిని పక్కకు జరిపి ఆ చేతిలో పెట్టింది.

"తినమనండి మాస్టారూ. నాలుగింటికి బస్సు," అంది.

హయాత్ గిన్నె అంచు తడిమి, ముఖం దగ్గరికి తెచ్చుకున్నాడు.

"నిమ్మకాయ పులిహోర," అన్నాడు.